తాతయ్య చిట్టా పుస్తకం: కంబాలకొండ చుట్టూ నాలుగు రోజులు

మా అమ్మ ట్రంకుపెట్టె సర్దుతుంటే వ్రతకల్పాల కట్టలో దొరికింది ఆ పుస్తకం. జానెడు పొడుగు, నాలుగు వేళ్ళ వెడల్పు, ఎర్రగుడ్డ అట్ట. పాతకాలం షావుకార్లు చిట్టా రాసుకునే రకం. మా తాతయ్య, అంటే అమ్మ నాన్నగారు, విజయనగరం సంస్థానంలో అడవి జవాను. భుజాన డవాలీ పట్టీ, దానికో ఇత్తడి బిళ్ళ, చేతిలో కర్ర. అడవిలోంచి ఎన్ని మోపుల కట్టెలు దిగాయో, ఎన్ని బండ్లు కదిలాయో రాయడం ఆయన కొలువు. నాకు ఊహ తెలిసేసరికే ఆయన లేరు. ‘రాజుగారి అడవి’ అన్న మాట ఒక్కటే మా ఇంట్లో మిగిలింది.

పుస్తకంలో చెదలు తినగా మిగిలినవి 31 ఆకులు. అన్నీ పెన్సిలు రాతలు. ముప్పాతిక మువ్వీసం మోపులు, బండ్లు, అణాలు. నడుమ నడుమ లెక్కతో పొత్తు లేని పొడి అక్షరాలు: రే.పూ., తు.పం., కు.గొ. 2. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఫొటో తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఐదు నిమిషాల్లో మా మేనకోడలు ఫోను. అది విశాఖలో వృక్షశాస్త్రంలో పరిశోధన చేస్తోంది.

“మావయ్యా, రే.పూ. అంటే రేల పూత. తు.పం. తునికి పండు. తాతయ్య కట్టెల లెక్కలో అడవి డైరీ రాశాడు! కొరియర్లో పంపకు. నువ్వే పట్టుకుని రా.”

కు.గొ. ఏమిటో మాత్రం దానికీ తెలియలేదు. కుంటి గొర్రెలు రెండేమో అన్నాను. నవ్వి ఫోన్ పెట్టేసింది.

మొదటి రోజు, ఏప్రిల్ 4

గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. స్టేషన్ బయటికి రాకముందే చొక్కా వీపుకి అంటుకుంది. విశాఖ ఉక్కపోత ముందు హైదరాబాద్ ఎండ ఎంతో మర్యాదస్థురాలు. ఇడ్లీలు తిని, ఆటోలో వాల్తేరు అప్‌లాండ్స్ ఎక్కాం.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలో పుట్టి, 1930లో ఈ గట్టు మీదికి వచ్చింది. కట్టమంచి రామలింగారెడ్డిగారు తొలి ఉపాధ్యక్షులు. నేను చివరిసారి ఈ ఆవరణలో తిరిగినప్పుడు దారుల మీద చెట్లు పందిరి వేసినట్టుండేవి. ఇప్పుడు చాలాచోట్ల ఆకాశం కనపడుతోంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి నెత్తినే తీరం దాటింది కదా. తరవాత నాటినవి ఎదుగుతున్నాయి కాని, అవింకా ఎవరికీ నీడ ఇచ్చే వయసులో లేవు.

సైన్స్ కళాశాల పేరు దగ్గర ఆగాను. జయపుర విక్రమదేవ వర్మగారి పేరది. జయపురం ఇప్పుడు ఒడిశాలో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం విడిపోయేదాకా అది విశాఖ జిల్లా ఏజెన్సీలో భాగం. విక్రమదేవ వర్మ 1931లో గద్దెనెక్కారు. తెలుగు, ఒరియా, సంస్కృతాల్లో పండితుడు. ఈ విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. ఆ రోజుల్లో లక్ష! జయపురం ఎస్టేటంటే ముప్పాతిక భాగం కొండ, అడవి. ఆ లక్షలో కలప డబ్బు ఎంతో, శిస్తు డబ్బు ఎంతో విడదీసి చెప్పే శక్తి నాకు లేదు. కాని ఈ రాతిగోడల్లో ఎక్కడో కొరాపుట్ గుగ్గిలం చెట్ల వాసన ఉంటుందని నాకొక అనుమానం.

“రాజులు చదువుకి డబ్బిచ్చారు. అడవి ఇవ్వలేదు” అంది మేనకోడలు.

క్యాంటీన్లో టీ తాగుతూ అది ఇంకో కథ చెప్పింది. కిందటేడు మూడు నెలలు ఇంగ్లండులో ఉండి వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ పక్కన వైథమ్ అని ఒక చిట్టడవి. వెయ్యి ఎకరాలు. ఒకప్పుడు ఆబింగ్డన్ మఠానిది, తరవాత జమీందార్లది. చివరికి ఫెనెల్ అనే కర్నల్ చేతికొచ్చింది. ఆయనకు ఒక్కతే కూతురు, పేరు హేజెల్. చిన్న వయసులోనే పోయింది. ఆ పిల్ల జ్ఞాపకంగా 1942లో ఆ అడవిని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి అప్పజెప్పాడు. మొదట చార్లెస్ ఎల్టన్ అనే ఆయన అక్కడి జీవాలన్నిటినీ లెక్కపెట్టడం మొదలెట్టాడు. 1947లో డేవిడ్ లాక్ చెట్లకి చెక్కపెట్టెలు వేలాడదీసి, వాటిలో గూడు కట్టే గ్రేట్ టిట్ అనే పిడికెడు పిట్టల లెక్క మొదలెట్టాడు. ఆ లెక్క ఈనాటికీ ఆగలేదు. మన కొండల్లోనూ దానికో చుట్టముంది, బూడిదరంగుది.

“ఆగకపోతే ఏమిటటా?” అన్నాను.

“పిట్ట ఎప్పుడు గుడ్డు పెట్టిందో ఏటేటా రాసుంది మావయ్యా. అరవైల నాటికీ ఇప్పటికీ రెండు వారాలు ముందుకి జరిగింది. వసంతం వేడెక్కి, ఓక్ ఆకుల మీద గొంగళిపురుగులు ముందే వస్తున్నాయి. పిల్లలకి పెట్టాల్సినవి అవే. అందుకని పిట్ట కూడా తొందరపడింది. ఒక ఏడు చూస్తే ఏం తెలుస్తుంది? పదేళ్ళు చూసినా అనుమానమే.”

నాకు 1942 దగ్గర మనసు ఆగిపోయింది. తాతయ్య పుస్తకం తీసి చూపించాను. మొదటి ఆకు మీద ‘చిత్రభాను’ అని ఉంది. అదీ 1942 ఉగాదితో మొదలైన సంవత్సరమే. అక్కడొక తండ్రి కూతురి పేర అడవి రాసిస్తున్న ఏడే ఇక్కడ జపాను వాళ్ళు విశాఖ రేవు మీద బాంబులు వేశారు, ఈ విశ్వవిద్యాలయం మూటాముల్లే సర్దుకుని గుంటూరు వెళ్ళిపోయింది. ఆ ఏడు ఎవరైనా అడవి ఇస్తామన్నా పుచ్చుకోవడానికి వీళ్ళు ఊళ్ళో లేరు.

సాయంత్రం బీచ్ రోడ్డు. జయపురం రాజులు కట్టించుకున్న హవామహల్ ముందు ముంత మసాలా తిన్నాం. కారం ఎక్కువైంది.

రెండో రోజు, ఏప్రిల్ 5

ఐదున్నరకే కంబాలకొండ అడవి గేటు దగ్గరున్నాం. ఎదుట జాతీయ రహదారి మీద లారీలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోతున్నాయి. గేటు దాటి రెండొందల అడుగులు వేశామో లేదో ఎవరో చెవులు మూసినట్టు ఆ రొద ఆగిపోయింది.

ఇదీ ఒకప్పుడు విజయనగరం రాజుల చేతికింది అడవే. 2002 మార్చి 10 నుంచి వన్యప్రాణి అభయారణ్యం. దాదాపు 71 చదరపు కిలోమీటర్లు. ఎకరాల్లో పదిహేడు వేల పైచిలుకు, అంటే వైథమ్‌లాంటివి పదిహేడు. ఇరవై లక్షల జనాభా ఊరు దీన్ని మూడు పక్కల నుంచీ తోసుకొస్తోంది. జూ కూడా ఈ అడవి అంచునే, 1977 నుంచి.

లోపలి పల్లె మనిషి ఒకాయన మాకు దారి చూపడానికి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. రబ్బరు చెప్పులు, చేతిలో కత్తి లేదు, కర్రే.

“రాత్రి ఎల్లిందండి ఇటేపు” అని దుమ్ములో ఒక గుర్తు చూపించాడు. నా అరచేయంత. గోళ్ళ గాట్లు లేవు. చిరుత. పక్కనే మా బూటు గుర్తులు పడేసరికి నాకు నడుం దగ్గర కొంచెం చలేసింది. మా పిల్ల వంగి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసుకుంది.

ఇక్కడ ఒక మాట. అభయారణ్యంలో పరిశోధన చేయాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలి. మా పిల్లకుంది. నాది మామూలు టిక్కెట్టు. కాబట్టి నా హక్కు కాలిబాట వరకే. అది దారి పక్కన కొబ్బరితాళ్ళతో కట్టుకున్న పది మీటర్ల చదరంలోకి దిగితే, నేను బాట మీద రాయి మీద కూర్చుని, అది అరిచి చెప్పిన అంకెలు రాయాలి. రాయడానికి నా దగ్గరున్న కాగితం, చెప్పడానికి సిగ్గేస్తోంది, తాతయ్య పుస్తకమే. చివర్లో ఖాళీ ఆకులున్నాయి. ‘అందులో వద్దు!’ అని అది కేకేసి తన ప్యాడ్ ఇచ్చింది. బతికిపోయాను.

చెట్టు చుట్టుకొలత ఎక్కడబడితే అక్కడ కొలవరు. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, గుండె మట్టానికి టేపు చుట్టాలి. వాలు మీదుంటే పైపక్క నిలబడి కొలవాలి. ఒక్కో చెట్టుకీ రేకు బిళ్ళ, దాని మీద నంబరు. (ఇత్తడి బిళ్ళ జవానుకీ, రేకు బిళ్ళ చెట్టుకీ. ఎస్టేటు పోయినా బిళ్ళలు పోలేదు.) పాల చెట్టు 113 సెంటీమీటర్లు. అంకుడు 48. ముష్టి 62. తునికి దగ్గర అది చాలాసేపు ఆగింది.

“రాయి మావయ్యా. ఒకటే నంబరు, నాలుగు కొలతలు. 21, 19, 26, 14.”

“ఒక చెట్టుకి నాలుగేమిటే?”

దారి చూపే ఆయన అందుకున్నాడు. “అప్పుడు గాలికి మొదలు తెగిపోనాదండి. మరి మోడులోంచి పిలకలు లేచినాయి. ఇప్పుడియ్యే చెట్టు.”

హుద్‌హుద్ గాలి గంటకి 180 కిలోమీటర్లు దాటి వీచిందని పేపర్లో చదివాను. చదివినప్పుడు అది అంకె. ఈ తునికి మోడు మధ్యలో, పొరలు పొరలుగా చీలి నల్లబడిన పాత కర్ర చుట్టూ నాలుగు పిలకలు నలుగురు అన్నదమ్ముల్లా నిలబడి ఉంటే అప్పుడు అర్థమైంది గాలంటే. గాలివాన ముందు కొలత లేని చెట్టు ఎంత పోగొట్టుకుందో, ఎంత తిరిగి సంపాదించుకుందో ఏ టేపు పెట్టి తేలుస్తారు? మా పిల్ల దిగులంతా అదే. పరిశోధక విద్యార్థి ఐదేళ్ళు కొలుస్తాడు, పట్టా పుచ్చుకుని వెళ్ళిపోతాడు. తరవాత వచ్చినవాడు ఇంకో మూల ఇంకో చదరం కట్టుకుంటాడు. పాత తాళ్ళు చివికిపోతాయి. వైథమ్‌లో ఉన్నదీ మనకు కావలసిందీ అడవి కాదు, అడవి మనకే పదిహేడింతలుంది. ఒకే చెట్టు దగ్గరికి మళ్ళీ మళ్ళీ వచ్చే మనిషి కావాలి.

ఎండ ముదిరేకొద్దీ ఎండుటాకుల మీద నడక అప్పడాలు విరిచినట్టుంది. రాయి ఖొండలైటు. మన కొండల్లోని ఖోండులనే గిరిజనుల పేరే ప్రపంచమంతా ఆ రాతికి పెట్టారు. అది తుప్పు పట్టినట్టు ఎర్రగా, పట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది. ఆ మట్టిలో పెరిగేది ఎండకి ఆకు రాల్చని పొట్టి అడవి. ఆకులు చిన్నవి, తోలులా మందం. పైనుంచి చూస్తే తుప్పల్లా అనిపిస్తుంది, లోపల దూరితే నడినెత్తి ఎండ కూడా చిల్లరగా పడుతుంది. కలివి తుప్పల్లో పొన్నంకి పిట్ట ఒకటి క్షణం కనపడి దాక్కుంది. లాంటానా అనే కలుపు తుప్ప మాత్రం ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ అల్లుకుంది. దాన్ని చూస్తే మా పిల్ల మొహం చిట్లించింది.

పదిగంటలప్పుడు లోయ అవతల కుక్క మొరిగింది. ఒకసారి, ఆగి ఇంకోసారి. ఈ అడవిలో ఊరకుక్కలు ఇంత లోపలికా అన్నాను.

“కుక్క కాదండి” అన్నాడాయన తాపీగా. “కుక్కగొర్రె. జింకజాతే గాని కుక్కలాగ మొరుగుద్ది. సిరత తిరిగితే అలాగే అరుస్తాది.”

మా పిల్లా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. కు.గొ. 2!

పుస్తకం తీసి తిరగేశాం. కు.గొ. 2. కు.గొ. 1. ఇంకో చోట కు.గొ. పిల్ల. మొత్తం పదకొండు చోట్ల. కుంటి గొర్రెల సిద్ధాంతం అక్కడితో కుప్పకూలింది. మా తాతయ్య కట్టెల మోపుల పక్కన, ఎవరూ అడక్కుండా, ఎవరూ జీతం పెంచకుండా, అరిచే జింకల్ని ఏడేళ్ళు లెక్కపెట్టాడు.

దిగేటప్పుడు చెరువు గట్టున ఒక రేల చెట్టు సగం పూసి ఉంది. పసుపు గుత్తులు కిందికి వేలాడుతూ, మిగతా సగం మొగ్గలు. ఏప్రిల్ 5, సగం పూత, అని ప్యాడ్‌లో రాయించింది. తాతయ్య ఆకులో చూస్తే: ‘చిత్రభాను. చందనోత్సవం నాడు రే.పూ. పూర్తి.’ తరవాతి ఏడు: ‘స్వభాను. చందనోత్సవం నాటికి రే.పూ. రాలుడు.’

“అంటే ఆ రెండో ఏడు ముందే పూసిందన్నమాట” అన్నాను, నేనూ శాస్త్రజ్ఞుణ్ణయిపోయినట్టు.

“తొందరపడకు” అంది.

మూడో రోజు, ఏప్రిల్ 6

పొద్దున్నే కారు మాట్లాడుకుని పద్మనాభం వెళ్ళాం. అది నా కోరిక. మా పిల్లకి అక్కడ కొలవడానికి ఏమీ లేదు, అయినా వచ్చింది. కొండ మీద అనంతపద్మనాభస్వామి, వెయ్యికి పైగా మెట్లు. సగం ఎక్కి నేను ఆగిపోయాను. ఆగిన చోట నుంచే కింద మైదానం కనపడుతుంది. 1794 జులై 10న విజయనగరం రాజు చిన్న విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి, తన వాళ్ళతో సహా ఇక్కడే పడిపోయాడు. తగువు పేష్కషు బాకీ గురించి, అంటే కంపెనీకి కట్టాల్సిన కప్పం. ఆయన పోయాక కొడుక్కి ఎస్టేటు కత్తిరించి ఇచ్చారు, కొండ జమీందారీలు విడిపోయాయి. 1802 శాశ్వత పరిష్కారం (జమీందార్లు కట్టాల్సింది ఎప్పటికీ మారకుండా నిర్ణయించిన ఏర్పాటు) నాటికి పేష్కషు ఐదు లక్షలని ఖాయమైంది. అక్కణ్ణుంచి చట్టం దృష్టిలో అడవి కూడా ఆ ఐదు లక్షల వెనకున్న ఆస్తుల్లో ఒకటి. మోపుకి ఇంత, బండికి ఇంత. మా తాతయ్య డవాలీ ఆ లెక్కలోంచి పుట్టిందే.

తిరుగుదారిలో సింహాచలం. ఈ కొండ దేవస్థానానికి కూడా విజయనగరం వారే వంశపారంపర్య ధర్మకర్తలు. దర్శనం చేసుకుని, కింద అనాస ముక్కలు కొనుక్కుని, సంపెంగలమ్మే ముసలమ్మ పక్కన మెట్ల మీద కూలబడ్డాం. మా పిల్ల ఫోన్లో 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తెరిచింది. అప్పటి మద్రాసు ప్రభుత్వం చేసిన 26వ చట్టం. అందులో మూడో సెక్షన్లో ఒక జాబితా ఉంది, ఎస్టేటుతో పాటు సర్కారు పరమయ్యేవి ఏమేమిటని. పోరంబోకులు, బంజర్లు, పచ్చికబీళ్ళు, లంకలు, అడవులు, గనులు, క్వారీలు, నదులు, వాగులు, చెరువులు, చేపల హక్కులు, రేవులు.

“చూశావా, అడవికి ఒక్క మాట. లంకలకీ గనులకీ మధ్య.”

అది నిజమే. వైథమ్ అడవిని తండ్రి ఒకడు ఇలా చూసుకోండి, చదువుకి వాడండి అని చెప్పి చేతిలో పెట్టాడు. మన ఎస్టేటు అడవులు చేతులు మారింది చట్టంలో ఒక కామాకీ ఇంకో కామాకీ మధ్య. నేను రాజుల పక్షం మాట్లాడటం లేదు. ఎస్టేటు రద్దు కావలసిందే. రైతుకి పట్టా రావలసిందే. పైగా రద్దు కబురు వినగానే జమీందారీ అడవుల మీద గొడ్డళ్ళు పడతాయన్న భయం ఉట్టిది కాదు. అందుకే 1949లో ప్రైవేటు అడవుల సంరక్షణ చట్టం తెచ్చి, కలెక్టరు అనుమతి లేకుండా అమ్మకూడదు, నరకకూడదు అన్నారు. అడవి మిగిలింది. రికార్డుల్లో విస్తీర్ణం మిగిలింది, సరిహద్దులు మిగిలాయి. ఏ చెట్టు ఎప్పుడు పూసిందన్నది మాత్రం ఏ ఖాతాలోనూ అడిగే గడి లేదు.

ఇక రేల పూత. మా పిల్ల పాత పంచాంగం లెక్కలు వేసే యాప్ ఒకటి దింపుకుంది. చందనోత్సవమంటే అక్షయ తృతీయ, వైశాఖ శుద్ధ తదియ. ఏడాదంతా గంధంలో ఉండే అప్పన్న నిజరూపం చూపేది ఆ ఒక్క రోజే. తాతయ్యకి అంతకన్నా గట్టి తేదీ ఇంకేముంటుంది? 1942లో అది ఏప్రిల్ 18న వచ్చింది. 1943లో?

ఫోను నా వైపు తిప్పింది. మే 7.

“ఎలాగే?”

“చిత్రభానులో అధిక జ్యేష్ఠం వచ్చింది మావయ్యా. దాంతో మరుసటేడు పండగలన్నీ వెనక్కి జరిగాయి. పందొమ్మిది రోజులు తేడా. చెట్టు తొందరపడిందని నువ్వన్నావు. చెట్టు ఎక్కడున్నది అక్కడే ఉండి ఉంటుంది. జరిగింది పండగ.”

నేను అనాస ముక్క నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాను. ఏప్రిల్ 18న నిండా పూసిన రేల మే 7కి రాలుతోందంటే అది రెండేళ్ళూ ఒకే పద్ధతిలో పూసి ఉండవచ్చు. తాతయ్య అబద్ధం రాయలేదు. ఆయన గడియారం చంద్రుడిది, చెట్టు గడియారం సూర్యుడిది. రెంటినీ కలిపే పని ఎనభై ఏళ్ళ తరవాత మునిమనవరాలి మీద పడింది.

మరి నిన్న చూసిన సగం పూత? ఏప్రిల్ 18న నిండుగా ఉండాలంటే 5న సగం ఉండటం సబబే కదా, అయితే ఏమీ మారలేదా అని అడిగాను. అది తల అడ్డంగా ఊపింది. చెరువు గట్టు చెట్టు వేరు, తాతయ్య చూసిన చెట్టు వేరు. నీళ్ళ పక్క చెట్టుతో కొండవాలు చెట్టుని పోల్చకూడదు. ఒక చెట్టు లెక్క కాదు. ఏడేళ్ళు పోనీ చిన్న లెక్కే, మొదలుపెట్టడానికి చాలు. నాకు కొంచెం నిరాశ కలిగిన మాట వాస్తవం. ఏదో ఒకటి తేలుతుందనుకున్నాను. దానికి మాత్రం కళ్ళు మెరుస్తున్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది తారీకు. ఏప్రిల్ 6. బాంబులు పడిన రోజు. పుస్తకంలో ఆ చోటు తీశాం. చిత్రభాను, చైత్ర బహుళం. ‘పట్నం మీద బాంబులు. జనం మూటలతో కొండ పక్కకి. కట్టెలు ఉచితం ఇచ్చితిని. లెక్క లేదు.’ ఆ తరవాత నాలుగు రోజులు ఖాళీ.

పక్కన సంపెంగల ముసలమ్మ పుస్తకంలోకి తొంగి చూసి, “ఏటి బాబూ, జాతకమా?” అంది.

నాలుగో రోజు, ఏప్రిల్ 7

ఈ రోజు రాయడానికి పెద్దగా లేదు. పొద్దున్నంతా అది ల్యాబ్‌లో ఒక్కో ఆకూ స్కాన్ చేసింది. ఆకు విరిగిపోతుందని చేతికి తొడుగులు వేసుకుంది. మా తాతయ్య చెమట చేతులతో నలిపిన ఆకులవి. నేను మాడుగుల హల్వా కొనడానికి వెళ్ళాను. మాడుగులా ఒకప్పుడు జమీందారీయే. ఆ జమీందారీ పోయి ముప్పాతిక శతాబ్దం, హల్వా మాత్రం పొట్లం మీద ఊరి పేరుతో ఇంకా ఏలుతోంది.

స్కానయ్యాక చివరి రాత ఉన్న ఆకు ఇద్దరం కలిసి చదివాం. విరోధి నామ సంవత్సరం, అంటే 1949. ‘ఎస్టేటు సర్కారు వారి పరం. చీట్ల పుస్తకాలు అప్పజెప్పితిని. కు.గొ. 1.’

పుస్తకం దాని దగ్గరే వదిలేశాను. రైలు దువ్వాడ దాటాక వాట్సాప్ మోగింది.

“మావయ్యా, 19వ ఆకులో ‘వా.బా.ఎం.’ అంటే? ప్రతి వేసవిలోనూ ఉంది.”

వాన, బాట, ఎండ... నా సిద్ధాంతాల మీద నాకే నమ్మకం పోయింది. అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“వాగు బావి ఎండిందిరా. నాన్న ప్రతి వేసవీ అదే బెంగ పెట్టుకునేవారు. అది ఎండితే కుండ పట్టుకుని మేం మైలు నడిచేవాళ్ళం.”

ఎక్కడుండేదమ్మా ఆ బావి అన్నాను. అడవివరం పక్క నుంచి కొండలోకి తిరిగే బండి బాట, దాని మలుపులో పెద్ద చింతచెట్టు, చింతచెట్టుకి ఎడమ చేతి వైపు అంది. చెప్పినది చెప్పినట్టు టైపు చేసి పంపాను.

రెండు నీలం టిక్కులు పడ్డాయి. “ఆదివారం వెళ్ళి చూస్తా.”